నిరాశ్రయులకు రాత్రి వసతి: లండను నగర చరిత్రలో ఒక ప్రకరణము

తెలుగు పల్లెలో ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వచ్చిన పరదేశికి చావడి అరుగో, గుడి మంటపమో, సత్రపు వసారాయో చూపుట పూర్వపు మర్యాద. "ఎవరు మీరు?" అను ప్రశ్నకు ముందే "భోజనమైనదా?" అను ప్రశ్న వచ్చుట పెద్దల నడవడి. ఈ మర్యాదకు తగిన కథ మహాభారత శాంతిపర్వమున కలదు. అంపశయ్యపై నున్న భీష్ముడు ధర్మరాజునకు శరణాగత రక్షణమును బోధించుచు కపోతముల కథ చెప్పెను.

గాలివానలో చిక్కి, చలికి కొయ్యబారిన బోయ యొకడు రాత్రివేళ ఒక చెట్టు మొదట పడియుండెను. ఆ చెట్టుపై మగపావురము తన ఆలు ఇంకను గూటికి రాలేదని దుఃఖించుచుండెను. ఆ ఆలు బోయవాని పంజరములోనే యున్నది. పంజరములోని పక్షియే మగనిని పిలిచి, మన ముంగిటికి వచ్చినవాడు చలిచేతను ఆకలిచేతను బాధపడుచున్నాడు, ఆదరింపుమని చెప్పెను. మగపావురము నిప్పు తెచ్చి, ఎండుటాకులు కూర్చి మంట వేసెను. పెట్టుటకు తిండి లేకపోగా తానే ఆ మంటలో దూకెను.

విన్నవారందఱు పావురము త్యాగమును మెచ్చుకొందురు. కథలోని సూక్ష్మము వేఱొకటి కలదు. ఆ రాత్రి వచ్చినవాడు యోగ్యుడు కాడు. ఇంటి యిల్లాలిని పంజరమున బంధించి తెచ్చినవాడు. అయినను చలికి వణకుచున్న వానిని ముందు వెచ్చబఱుపవలెను, మంచిచెడ్డల విచారణ తెల్లవాఱిన తరువాతి మాట అని ఆ కథ సారాంశము. మన సత్రములు సైతము ఈ పరీక్షలో ఎల్లవేళల నెగ్గలేదు. కులమడిగిన పిమ్మటనే విస్తరి వేసిన సత్రములు అనేకములు. ఊరి చావడి అరుగు ఎక్కనీయబడక ఊరి వెలుపలి చెట్టు క్రిందనే తెల్లవాఱ్చిన బాటసారులును అనేకులు.

తలుపు తట్టిన వానిని ఏమి అడిగి లోనికి రానీయవలెను? ఈ యొక్క ప్రశ్నను ముందుంచుకొని రెండు వందల యేండ్ల లండను నగర చరిత్రను చూచినచో, రాత్రి వసతి గృహముల కథ యంతయు తేటపడును. 1801లో సుమారు 10 లక్షల జనులున్న ఆ నగరము, శివార్లతో కలిపి 1901 నాటికి 65 లక్షల జనులతో నిండెను. అంత సంపద యొకచోట చేరిన నగరము నాటి లోకమున వేఱొకటి లేదు. అంతమంది నిలువనీడ లేనివారు కనబడిన నగరమును అరుదే.

మంచు కొలిచి తెఱచిన తలుపు

నెపోలియనుతో యుద్ధములు 1815లో ముగిసెను. సైన్యమునుండి, నౌకలనుండి విడుదలయైన వారు వేలకొలదిగా బాటలపై బడిరి. పల్లెలలో పని లేదు, పట్టణములలో ఇల్లు లేదు. 1819–20 నాటి శీతకాలము మిక్కిలి కఠినముగా నుండగా, లండనులోని దాతలు కొందఱు చందాలు వేసికొని ఇల్లులేని పేదల కొఱకు రాత్రి ఆశ్రయ మొకటి నెలకొల్పిరి. అది పిమ్మట క్రిపుల్‌గేటు ప్రాంతమున ప్లేహౌస్ యార్డు అను సందులో చిరకాలము నడిచెను.

హెన్రీ మేహ్యూ అను పత్రికా రచయిత పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆ ఆశ్రయమును కన్నులార చూచి వర్ణించెను. పెట్టెలవంటి పడకలు వరుసలుగా నుండెడివి. నీరు అంటని గుడ్డలో ఎండుగడ్డి కూరిన పరుపు, కప్పుకొనుటకు గొఱ్ఱెతోలు, రాత్రి కొంత, ఉదయము కొంత వట్టి రొట్టె: ఇదియే అక్కడి ఆతిథ్యము. రుచిగా పెట్టినచో సోమరులు చేరుదురను భయమే ఆ వట్టి రొట్టెకు కారణము. వాతావరణము మంచు గడ్డకట్టు స్థితికి దిగినప్పుడే తలుపు తెఱతురు. చలి తగ్గగానే మూసివేయుదురు. వానలో తడిసినవానికి ఆ తలుపుతో సంబంధము లేదు. అయినను ఆ తలుపు వద్ద నడువడికను గూర్చిన విచారణ తక్కువగా నుండెను. మనిషిని కొలువక మంచును కొలిచిరి. తరువాతి కాలముతో పోల్చిన అది కొంత దయయే.

ఆ దినములలోనే రాజ్యాంగము వేఱొక త్రోవ త్రొక్కినది. 1824 నాటి తిరుగుబోతుల చట్టము ఆరుబయట పండుకొనుటను నేరముగా నెంచెను. ఇల్లు లేకపోవుటకు శిక్ష లేదు గాని, ఇల్లు లేనివాడు నిద్రించుటకు శిక్ష కలదు. ఈ చట్టమునకు పిమ్మట అనేక సవరణలు జరిగినను, దాని నీడ రెండు శతాబ్దులు ఆ దేశముపై నిలిచెను.

రాళ్లు కొట్టించిన తలుపు

1834లో ఇంగ్లండు దరిద్ర పోషణ చట్టమును తిరుగవ్రాసిరి. పేదవాడు సర్కారు సాయము కోరినచో వర్కుహౌసు అను దరిద్రాలయములో చేరవలెను. అందలి బ్రతుకు బయటి కూలివాని బ్రతుకుకంటె హీనముగా నుండవలెను. ఇదియే ఆ చట్టమునకు ప్రాణము. ఒక రాత్రికి వచ్చు బాటసారులకై దరిద్రాలయములకు ప్రక్కన వేఱు గదులు కట్టిరి. 1864 నాటి శాసనము లండనులోని పాలక మండలులన్నియు అట్టి గదులు ఏర్పఱుపవలెనని విధించెను.

ఆ గదులలో చేరినవాడు ముందు స్నానము చేయవలెను. అంతకుముందు అనేకులు మునిగిన నీటిలోనే మునుగవలసి వచ్చుట సామాన్యము. తన బట్టలు అప్పగించి వారిచ్చిన అంగీ తొడుగుకొనవలెను. ఉదయము రాళ్లు కొట్టియో, పాత ఓడత్రాళ్లను వ్రేళ్లతో విడదీసి పీచు చేసియో బాకీ తీర్చవలెను. 1866 జనవరిలో జేమ్సు గ్రీన్‌వుడ్ అను విలేఖరి చింకిబట్టలు కట్టి, బిచ్చగానివలె లాంబెత్ దరిద్రాలయములో ఒక రాత్రి గడపి, అందలి దుఃస్థితిని పత్రికలో ప్రకటించెను. లండను నగరమంతయు ఆ వ్రాతలు చదివి సిగ్గుపడెను. అయినను 1882లో చేసిన శాసనము మఱింత బిగించెను: ఒక రాత్రి చేరినవానిని మఱునాడు పని చేయించుకొని, రెండవ రాత్రియు ఉంచి, ఆపై దినము ఉదయము గాని విడువరాదు. దినమంతయు లోపలనే యున్నవాడు కూలి వెదకుకొనుటెట్లు? పని లేనివాడని శిక్షించుచు, పని వెదకుకొను దినమును వానినుండి లాగికొనిన విధానమిది. లెక్కలో వసతి వ్రాసిరి; ఖర్చు మాత్రము పేదవాని దినములనుండి రాబట్టిరి.

ఈ నడుమ మన దేశముతో నేరుగా సంబంధించిన ఘట్టమొకటి కలదు. హిందూదేశమునుండి తూర్పిండియా వర్తక నౌకలపై లస్కరులు అను నావికులు లండను రేవునకు పోవుచుండిరి. సరకు దిగిన పిమ్మట తిరుగు ప్రయాణమునకు ఓడ దొరకక, చేతిలో పైకము లేక, చలికి తగిన బట్టలేక వీథులలో పడియుండి మరణించినవారు పలువురు. వారి కొఱకు లండను తూర్పు భాగమున, లైమ్‌హౌసునందలి వెస్టిండియా డాక్ రోడ్డులో విదేశీయుల గృహ మొకటి కట్టిరి. 1856లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు దానికి శంకుస్థాపన చేసెను. 1857లో తలుపులు తెఱచిరి. పంజాబు సింహాసనము కోల్పోయి ఇంగ్లండులో నివసించుచుండిన మహారాజా దులీప్ సింగ్ దానికి 500 పౌనులు విరాళమిచ్చెను. రాజ్యము పోయినవాడు ఇల్లు లేనివారికి ఇచ్చిన సొమ్మది. ఆ గృహము 1937 వఱకు నిలిచెను.

పెన్నీ అడిగిన తలుపు

సాల్వేషను ఆర్మీ అను ముక్తిసేన స్థాపకుడు విలియం బూత్ 1887లో ఒక రాత్రి లండను వంతెన మీదుగా పోవుచు, వంతెన గోడల మలుపులలో ముడుచుకొని పండుకొనిన మనుష్యులను చూచెను. తెల్లవాఱగానే కుమారుడైన బ్రామ్‌వెల్‌ను పిలిచి, వారి కొఱకు ఏదైన చేయుమని ఆజ్ఞాపించెను. 1888లో లైమ్‌హౌసు నందే ముక్తిసేనవారి మొదటి రాత్రి వసతి తెఱవబడెను. నాలుగు పెన్నీలకు రాత్రి ఆహారము, పడక, ఉదయాహారము అని బూత్ 1890లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఉచితముగా నిచ్చుటకంటె కొంచెము పుచ్చుకొని యిచ్చుట పేదవాని మానమును కాపాడునని ఆయన తలంపు. ఆ తలంపులో నిజము లేకపోలేదు.

కాని పెన్నీల మెట్లు ఏర్పడినప్పుడు క్రింది మెట్టుపై నుండువాడు ఎవడో యుండకతప్పదు. నాలుగు పెన్నీలిచ్చినవానికి శవపేటికవంటి చెక్కపెట్టెలో పడక. ఒక్క పెన్నీ యిచ్చినవానికి వెచ్చని గదిలో బల్లపై కూర్చుండుటకే అనుమతి, పండుకొనుటకు వీలులేదు. నగరములోని చౌక బసలు కొన్ని రెండు పెన్నీలకు బల్ల యెదుట త్రాడు కట్టెడివి. దానిపై ఒరిగి నిద్రించిన వారిని తెల్లవాఱుజామున త్రాడు కోసి లేపెడివారని జార్జి ఆర్వెల్ 1933లో ప్రకటించిన తన అనుభవ గ్రంథమున తెలిపెను. ముక్తిసేన వసతులలో రాత్రి ప్రార్థనసభ యుండెడిది. ఆకలితో వచ్చినవాడు భజన కూడ వినవలెను. రాళ్లు కొట్టుటకంటె ఇది మేలు. అయినను తలుపు వద్ద ప్రశ్న యుండనే యుండెను.

నేలమాళిగ

లండను నడిబొడ్డున, ట్రఫాల్గర్ చతుష్పథమునకు ఈశాన్యమున సెయింట్ మార్టిన్ చర్చి కలదు. జేమ్సు గిబ్స్ అను శిల్పి రచనపై 1726లో ముగిసిన కట్టడమది. మార్టిన్ నాలుగవ శతాబ్దమున రోమను సైన్యమున పనిచేసిన భటుడు. ఆమియెన్ పట్టణ ద్వారమున చలికి వణకుచున్న బిచ్చగానికి తన దుప్పటమును కత్తితో రెండుగా కోసి సగమిచ్చెనని ఐతిహ్యము. సగమే యిచ్చుట చిత్రముగా తోచును. తక్కిన సగము తనకు ఉండుటచేత రేపును బ్రతికి రేపును ఈయగలడని దాని భావము కావచ్చును.

1914 నవంబరులో డిక్ షెపర్డ్ ఆ చర్చికి గురువుగా వచ్చెను. అప్పటికి మహాసంగ్రామము ప్రారంభమై మూడు నెలలైనది. చేరువనున్న చేరింగ్ క్రాస్ రైలుస్టేషను మీదుగా సైనికులు ఫ్రాన్సు యుద్ధరంగమునకు పోవుచు వచ్చుచుండిరి. ఏ వేళ రైలు దిగుదురో, ఏ వేళ ఎక్కుదురో తెలియదు. షెపర్డ్ చర్చి నేలమాళిగను తెఱపించి, రాత్రియంతయు దీపముంచి, వేడి పానీయమును విశ్రాంతి స్థలమును ఏర్పఱచెను. యుద్ధము ముగిసిన పిమ్మటను ఆ తలుపు మూయబడలేదు. సైనికుల స్థానమున పని లేనివారు, ఇల్లు లేనివారు వచ్చిరి. వారిలో పూర్వపు సైనికులును కలరు. ఎల్లప్పుడు తెఱచియుండు ద్వారమని ఆ చర్చికి పేరు వచ్చెను. ఉబ్బసముచేత క్షీణించిన షెపర్డ్ 1926లో పదవి విడిచెను. రెండవ యుద్ధమున ఆ నేలమాళిగయే బాంబులనుండి తలదాచుకొను స్థలమయ్యెను.

భయము కలిగిన రాత్రి ధనికుడును దరిద్రుడును ఒకే నేలమాళిగలో పండుకొందురు. భయము తీరగానే దరిద్రుడొక్కడే మిగులును.

కూడ నివసించినవారు

1948లో బ్రిటను పార్లమెంటు పాత దరిద్ర చట్టమును రద్దుచేసెను. దరిద్రాలయపు గదులలో కొన్నింటికి ఆదరణ కేంద్రములని పేరు మాఱ్చి, తక్కిన వానిని మూసిరి. సంక్షేమ రాజ్యము వచ్చినది, ఇక వీథిలో పండుకొనువాడుండడని అనేకులు నమ్మిరి. బో స్ట్రీట్ న్యాయస్థానమున ప్రొబేషను అధికారిగా నుండిన ఆంటన్ వాలిక్-క్లిఫర్డ్‌కు ఆ నమ్మకము నిలువలేదు. అవే ముఖములు మరల మరల న్యాయస్థానమునకు వచ్చుచుండుట ఆయన చూచెను. చెఱసాలనుండి వీథికి, వీథినుండి ఆసుపత్రికి, ఆసుపత్రినుండి మరల వీథికి వారు తిరుగుచుండిరి. త్రాగుబోతని యొక బస వారిని త్రోసివేయును. మతి సరిలేదని మఱియొకటి త్రోసివేయును.

1963లో ఆయన సైమన్ కమ్యూనిటీ అను సమాజమును స్థాపించెను. సిలువ మోయలేక తూలిన క్రీస్తుకు దారిలో తోడుపట్టిన సైరీను వాసి సీమోను పేరు దానికి పెట్టిరి. స్వచ్ఛంద సేవకులు, ఎక్కువమంది యువకులు, జీతము లేక, కొలదిపాటి చేతిఖర్చు పుచ్చుకొని, ఆశ్రయము పొందువారితోనే ఒకే యింట నివసించిరి. వండినవాడు, తిన్నవాడు ఒకే బల్లకు కూర్చుండిరి. ఎవరును చేర్చుకొనని వారిని, స్పిరిటు త్రాగి శిథిలమైన వారిని సైతము చేర్చుకొనుట వారి నియమము. రాత్రివేళ వేడి పులుసు పాత్రలు మోసికొని పోయి, పాడుపడిన యిండ్లలో, బాంబులకు కూలిన స్థలములలో పండుకొనిన వారిని వెదకి పలుకరించిరి. 1969లో ఐర్లండు రాజధానియగు డబ్లిన్‌లో కళాశాలా విద్యార్థులు ఇదే పేరుతో పులుసును రొట్టెయు పంచుటతో సేవ నారంభించిరి.

ఇట్టి పనిలో కష్టములు లేకపోలేదు. అనుభవము చాలని యువకుడు జగడము నాపలేడు. రాత్రులు మేల్కొని సేవకులే జబ్బుపడుదురు. ఇరుగుపొరుగు వారు వసతి వలదని అర్జీలు పెట్టుదురు. ఉత్సాహము పండుగనాడు పొంగి మాఘమాసపు చలిలో చల్లబడును. దయకు సైతము వంతుల పట్టీ వ్రాసి నడిపినగాని అది నిలువదని ఆ సమాజములు నేర్చికొనిన పాఠము.

1966 నవంబరు 16న బి.బి.సి. టెలివిజనులో ఇల్లు కోల్పోయిన యువతి కథను నాటకముగా చూపిరి. సుమారు కోటి యిరువది లక్షలమంది చూచిరి. ఆ డిసెంబరులో షెల్టర్ అను సంస్థయు, 1967లో క్రైసిస్ అను సంస్థయు పుట్టెను. 1977లో పార్లమెంటు ఇల్లులేనివారికి వసతి కల్పించు బాధ్యతను స్థానిక మండలులపై నుంచెను. ఇది గొప్ప మెట్టు. కాని ఆ శాసనము పిల్లలు గలవారికి, గర్భవతులకు, వృద్ధులకు, రోగులకు ప్రథమ స్థానమిచ్చెను. ఆరోగ్యముగా నున్న యొంటరివాడు ఆ జాబితాలో లేడు. తలుపు వద్ద ప్రశ్న మరల వచ్చినది: నీ అవసరము తగినంత గొప్పదా?

ఆ జాబితాకు వెలుపల నిలిచిన వానికొఱకే స్వచ్ఛంద వసతులు మిగిలినవి. వానిలో నొక పద్ధతి చెప్పదగినది. ఏ యొక్క చర్చికిని వారమంతయు తెఱచి యుంచుటకు శక్తి లేదు. అందుచేత ఏడు చర్చిలు కూడి, వారములో ఒక్కొక్క రాత్రి యొక్కొక్కటి పంచుకొనెను. శీతకాలపు నెలలలో సాయంకాలము కొందఱు వచ్చి బల్లలు జరిపి పరుపులు పఱతురు, కొందఱు వండుదురు. అతిథులు పదిమందియో, పదునైదుగురో వచ్చి సేవకులతో కలిసి భోజనము చేయుదురు. దీపములార్చిన పిమ్మట ఇద్దఱు మేల్కొని కావలియుందురు. ఉదయము మఱియొక జట్టు వచ్చి ఫలాహారము పెట్టి, దుప్పట్లు మడతపెట్టి, నేల కడిగి పోవును. ఆయుధము తేరాదు, లోపల త్రాగరాదు, ఇతరులకు హాని చేయరాదు అను నియమములు తప్ప మతమడుగుట, నడవడి యడుగుట అందు లేదు. తలుపు వద్ద వినబడు మొదటి మాట "భోజనమైనదా?" అను మన పల్లెమాటకు మిక్కిలి దగ్గఱిది.

2020 నాటి పరీక్ష

2020 మార్చిలో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ఒకే గదిలో పదిమంది పండుకొను వసతులు ప్రమాద స్థానములయ్యెను. వానిని మూయక తప్పలేదు. నాటి ప్రభుత్వము వీథులలో నున్నవారినందఱిని ఇండ్లలోనికి చేర్పుడని స్థానిక మండలులను కోరెను. పర్యాటకులు లేక ఖాళీగా నున్న హోటళ్లలో వారికి వేఱు వేఱు గదులిచ్చిరి. 2021 జనవరి నాటికి ఇంగ్లండులో ఈ విధముగా సాయము పొందినవారు 37,000 పైచిలుకు.

ఇందువలన రెండు సంగతులు తేటపడినవి. మొదటిది: రెండు వందల యేండ్లుగా సాధ్యము కాదనిన పని, తలచినచో కొలదివారములలో సాధ్యమైనది. రెండవది: లోపల గడియ గల గదిలో ఒంటిగా నిద్రించిన మనుష్యుడు, పదిమంది నడుమ నేలపై నిద్రించిన మనుష్యునివలె నుండడు. ఆ తరువాత అనేక స్వచ్ఛంద వసతులు వేఱు గదుల పద్ధతికి మాఱెను. రాత్రి వసతి ఇంటికి పోవు త్రోవ మాత్రమే. అదియే ఇల్లని నమ్మించినచో పేదవానికి మోసము జరుగును. సేవకులు మేల్కొని యున్నారు గదా అని ప్రభువులు నిద్రించిన పక్షమున, ఆ సేవయే అన్యాయమునకు దుప్పటి యగును.

మన దేశమున 2011 జనాభా లెక్కలలో ఇల్లులేనివారు 17.7 లక్షలని తేలినది. ఢిల్లీలో శీతకాలమున రాత్రి వసతి యొకటి కూల్చబడి, నిరాశ్రయులు మరణించిన పిమ్మట, 2010లో సుప్రీంకోర్టు ఈ విషయమును చేపట్టి ఆజ్ఞలిచ్చెను. 2013లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పథకము, పట్టణ జనాభాలో ప్రతి లక్షకు కనీసము 100 మందికి చాలు శాశ్వత వసతి యుండవలెననియు, ఒక్కొక్కరికి 50 చదరపుటడుగుల చోటుండవలెననియు నిర్ణయించెను. యాబది చదరపుటడుగులనగా రెండు నులకమంచములు వేసినచో నిండు స్థలము. ధర్మము అంత చిన్న కొలతలోనైనను కాగితముపై పడుట మేలు. కాగితముపై నున్నది నేలపైకి వచ్చినదా అని విచారించుట ప్రతి పట్టణ పౌరుని పని.

రాత్రి వసతులన్నిటికిని లోపమొకటి కలదు. తెల్లవాఱగానే తలుపు మూయుదురు, పగలంతయు ఎక్కడనుండవలెను? లండనులో ఆ ప్రశ్నకు దొరకిన జవాబులలో నొకటి పౌర గ్రంథాలయము. పఠన మందిరమున బల్ల కలదు, వెచ్చదనము కలదు, పత్రిక కలదు. వచ్చినవానిని రుసుమడుగువాడు లేడు. నిరాశ్రయులు అనేకులు పగటివేళ అక్కడ తలదాచుకొని, చదువుకొని, మనుష్యులలో మనుష్యులుగా కూర్చుండిరి. షెపర్డ్ నేలమాళిగ తెఱపించిన 1914వ సంవత్సరముననే బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు సభచేసి, ఊరూర పుస్తక భాండాగారము వెలయవలెనని సంకల్పించిరి. ఒకచోట పడక, ఒకచోట పుస్తకము. రెండును జీతము లేని సేవకుల చేతులమీదుగా నడిచినవే. రెంటికిని ప్రాణము తలుపు వద్దనే యున్నది: వచ్చినవానిని ఎవడవని యడుగక, లోనికి రమ్మనుట.